పూటకూళ్లవాడి బాధ్యత

ఒకనాడు యోహాను ప్రభువు దగ్గరకు వచ్చి ఒక సంగతి చెప్పాడు. ఎవరో ఒకతను ప్రభువు పేరట దయ్యాలను వెళ్లగొడుతున్నాడు. చేస్తున్నది మంచి పనే, బాధలో ఉన్నవారికి విడుదల దొరుకుతోంది. కానీ అతడు శిష్యుల గుంపులోని వాడు కాడు. అందుకని తాము అడ్డుకున్నామని యోహాను చెప్పాడు. ప్రభువు ఆ పనిని మెచ్చుకోలేదు. అతణ్ని ఆపవద్దన్నాడు. మనకు విరోధి కానివాడు మన పక్షాన ఉన్నవాడేనన్నాడు. ఆ వెంటనే ఆయన మాట్లాడింది దాహంతో ఉన్నవాడికి ఇచ్చే గిన్నెడు నీళ్ల గురించి (మార్కు 9:38–41).

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లోని మన సంఘాలు ఈ వాక్యభాగాన్ని ఒక్కసారి ఆస్పత్రి గుమ్మం దగ్గర నిలబడి చదువుకోవాలి. కేథలిక్ కన్యాస్త్రీలు నడిపే వైద్యశాలను మన పల్లెల్లో ‘సిస్టర్ల ఆస్పత్రి’ అంటారు. కోడలికి నొప్పులు వస్తే అక్కడికి తీసుకువెళ్దామంటారు. జ్వరం తగ్గని బిడ్డను అక్కడ చూపిద్దామంటారు. బిడ్డ కోలుకుంటే సంఘంలో లేచి సాక్ష్యం చెబుతారు. అదే సంఘంలో బైబిలు పఠనం దగ్గరకొచ్చేసరికి వాళ్లు ఆర్.సి.ఎం. వాళ్లు, మనవాళ్లు కారు అంటారు. సిద్ధాంత భేదాలు ఉన్నాయి, కాదనలేం. అయితే రోగిగా వెళ్లి తీసుకున్న సేవకు విశ్వాసిగా మనం ఏ జవాబు ఇస్తున్నాం? ఈ ప్రశ్న మర్యాదకు సంబంధించింది మాత్రమే కాదు. మన ప్రాంతంలో పేదవాడికి రేపు వైద్యం దొరుకుతుందా లేదా అన్నది కూడా కొంతవరకు ఈ జవాబు మీదే ఆధారపడి ఉంది.

సువార్త ముందుగా చేరిన నేల

కుందూ నది పరీవాహకం, తూర్పున నల్లమల కొండలు, మధ్యలో నల్లరేగడి పొలాలు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. కర్నూలు నుంచి కడప వెళ్లే జాతీయ రహదారి ఈ రెండు ఊళ్లనూ కలుపుతుంది. శిరివెళ్ల, రుద్రవరం, చాగలమర్రి, ఉయ్యాలవాడ, దొర్నిపాడు, గోస్పాడు మండలాల జనానికి ఏ అవసరం వచ్చినా ఈ రెండు ఊళ్లే దిక్కు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది.

ఈ ప్రాంతంలో ప్రొటెస్టెంటు సంఘాల చరిత్ర చిన్నదేమీ కాదు. ఆంగ్లికన్ ఎస్.పి.జి. మిషన్ 19వ శతాబ్దంలోనే ముత్యాలపాడు, కలసపాడు, గిద్దలూరు, నంద్యాల కేంద్రాలుగా పనిచేసింది. నంద్యాలలోని ఎస్.పి.జి. పాఠశాల పేరు తెలియని కుటుంబం ఇక్కడ అరుదు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ ప్రాంతపు ఆంగ్లికన్ విశ్వాసుల్లో పెద్ద భాగం అందులో చేరకుండా వేరుగా ఉండిపోయింది. ఆ ఎడబాటు 1975లో గాని తీరలేదు. అంటే విడిపోవడం ఎంత తేలికో, తిరిగి కలవడానికి ఎన్నేళ్లు పడుతుందో నంద్యాల విశ్వాసులకు ఎవరూ పుస్తకం తెరిచి చెప్పనక్కరలేదు. ఆ తరువాత బాప్టిస్టు, పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు ఊరూరా వెలిశాయి. కేథలిక్కుల విషయానికొస్తే, 1967లో నెల్లూరు నుంచి వేరుపడి కర్నూలు మేత్రాసనం ఏర్పడింది.

ఇన్ని సంఘాలు, ఇన్ని మందిరాలు ఉన్నచోట రోగికి మనం ఏమి చేస్తున్నామని అడిగితే జవాబు వెంటనే రాదు. స్వస్థత కూటాలు పెడుతున్నాం. ప్రార్థన చేస్తున్నాం. అవి అవసరమే. కానీ ప్రార్థన ముగిశాక ఆ రోగి ఏ ఆస్పత్రికి వెళుతున్నాడు, అక్కడ బిల్లు ఎవరు కడుతున్నారు అన్న ప్రశ్న మిగిలే ఉంటోంది.

నేటి వైద్యం లెక్క

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యాయి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ పేరుతో నడుస్తోంది. గుండె ఆపరేషను అంటే పొలం అమ్మడమే అనుకున్న కుటుంబాలకు ఈ పథకం ప్రాణం పోసింది. 2023లో నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అంతకుముందే ఒక ప్రైవేటు వైద్య కళాశాల ఉంది. ఆళ్లగడ్డలో ప్రభుత్వ ఆస్పత్రి ఉంది.

అయినా లెక్కలు మరో సంగతి చెబుతున్నాయి. జాతీయ నమూనా సర్వే 2017–18లో జరిపిన పరిశీలన ప్రకారం దేశంలో ఆస్పత్రిలో చేరినవారిలో 42 శాతం ప్రభుత్వ ఆస్పత్రులకు, 55 శాతం ప్రైవేటు ఆస్పత్రులకు వెళ్లారు. ధర్మసంస్థలు, ట్రస్టులు నడిపే ఆస్పత్రులకు వెళ్లినవారు 2.7 శాతం మాత్రమే. కాన్పులు మినహాయిస్తే, ప్రభుత్వ ఆస్పత్రిలో చేరిన ఒక్కో సందర్భానికి అయిన సగటు ఖర్చు 4,452 రూపాయలు, ప్రైవేటులో 31,845 రూపాయలు. ఏడు రెట్లు తేడా! కూలి చేసుకునే కుటుంబానికి ఈ రెండు అంకెల మధ్య ఉన్నది ఒక ఏడాది వడ్డీ, ఒక కాడి ఎద్దులు, ఒక ఆడపిల్ల చదువు.

కాన్పుల విషయం చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు కోత పెట్టి చేసినవే. దేశం మొత్తం మీద ఇది 21.5 శాతం. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆస్పత్రులను మాత్రమే తీసుకుంటే 63 శాతం. కొన్నిసార్లు ఆపరేషను తల్లినీ బిడ్డనూ కాపాడుతుంది, అది దేవుడు వైద్యులకిచ్చిన జ్ఞానం. కానీ నూటికి అరవైమందికి పైగా తల్లులకు ఆపరేషను నిజంగా అవసరమా అని వైద్యులే అడుగుతున్నారు. సాధారణ కాన్పు కోసం ఒక రాత్రంతా ఓపిగ్గా కనిపెట్టుకుని కూర్చునే మనిషి ఉండాలి. లాభం లెక్క ముందున్నచోట ఆ ఓపిక ఖరీదైన వస్తువవుతుంది.

ఇక బీమా పథకం. 2025 అక్టోబరులో రాష్ట్రంలోని నెట్‌వర్క్ ఆస్పత్రులు, ప్రభుత్వం నుంచి రావలసిన బకాయిలు అందలేదంటూ ఎన్టీఆర్ వైద్యసేవ కింద సేవలు నిలిపివేశాయి. వేల కోట్ల రూపాయలు రావాలన్నది వారి మాట. ఎవరి వాదన ఎంత నిజమన్నది అటుంచితే, ఆ రోజుల్లో కార్డు పట్టుకుని వచ్చి వెనుదిరిగినవాడు పేదవాడే. అదే సంవత్సరంలో ఆదోని, మార్కాపురం, పులివెందుల సహా పది కొత్త వైద్య కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నిర్మించి నడపాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించడంతో పెద్ద వాదోపవాదాలు జరిగాయి. ప్రభుత్వమా, ప్రైవేటా అన్న ఆ చర్చలో మూడో దారి గురించి మాట్లాడినవారు తక్కువ. ప్రభుత్వానిది కాకుండా, లాభం కోసమూ కాకుండా నడిచే ఆస్పత్రి అనేది ఒకటుందని మనమే మరచిపోయాం. మన తాతలకు అది బాగా తెలుసు. వారు దాన్ని మిషన్ ఆస్పత్రి అనేవారు.

లాభం లేని ఆస్పత్రి ఎలా నడుస్తుంది?

లాభాపేక్ష లేదంటే అంతా ఉచితమని చాలామంది పొరబడతారు. ఆ ఆస్పత్రి కూడా మందులు కొనాలి, కరెంటు బిల్లు కట్టాలి, వైద్యులకూ నర్సులకూ జీతాలివ్వాలి. కాబట్టి ఫీజు తీసుకుంటుంది. తేడా ఎక్కడుందంటే, ఏడాది చివర మిగిలిన డబ్బును పంచుకునే యజమాని అక్కడ ఉండడు. మిగిలింది మళ్లీ ఆస్పత్రికే వెళుతుంది. ఇవ్వగలిగినవాడు కట్టిన డబ్బు ఇవ్వలేనివాడి మంచానికి ఆసరా అవుతుంది. అవసరం లేని పరీక్ష రాయడం వల్ల ఎవరి జేబూ నిండదు కనుక ఆ శోధన తక్కువ.

కేథలిక్ ఆస్పత్రికి మరో ఆసరా ఉంది. అక్కడ పనిచేసే కన్యాస్త్రీలు వైద్యులైనా, నర్సులైనా, లెక్కలు చూసేవారైనా తమ సంపాదనను సొంతానికి దాచుకోరు. అది వారి మఠానికి చెందుతుంది. రాత్రి రెండు గంటలకు కాన్పు కేసు వస్తే నిద్రలేచే మనిషి ఆ ఆవరణలోనే ఉంటుంది. ఆమె బదిలీ అయినా ఆమె స్థానంలో మరొక సిస్టరును పంపే సంస్థ వెనుక ఉంటుంది. ఒక మనిషి మీద కాక ఒక సమాజం మీద ఆస్పత్రి నిలబడుతుంది. ఈ సంగతి అర్థం కావాలంటే నంద్యాలలో రైలెక్కి గిద్దలూరు, మార్కాపురం, నరసరావుపేటల మీదుగా ఆ మార్గం చివరి ఊరైన గుంటూరు దాకా వెళ్లి రావాలి. తెలుగునేల మీద కేథలిక్ వైద్య పరిచర్య వేళ్లూనింది అక్కడే.

ఒకే ఊరు, ఇద్దరు వైద్యురాళ్లు

గుంటూరులో మొదట వచ్చింది ప్రొటెస్టెంటు వైద్యురాలు. అమెరికా లూథరన్ మిషన్ తరఫున డాక్టర్ అన్నా సారా కుగ్లర్ 1883లో వచ్చారు. మగ వైద్యులకు చూపించుకోవడానికి ఇష్టపడని ఆడవాళ్ల కోసం ఆమె ఇళ్లకు వెళ్లి వైద్యం చేశారు. ఎన్నో ఏళ్ల ప్రయాస తరువాత 1898లో ఆస్పత్రి తెరిచారు. 1930లో కన్నుమూసేదాకా ఆమెకు గుంటూరే లోకం. ఆమె వైద్యం వల్ల మేలు పొందిన ఏలూరు రాజావారు, రోగుల బంధువులు బస చేయడానికి ఆస్పత్రి దగ్గర ఒక సత్రం కట్టించి ఇచ్చారు. ఒక హిందూ జమీందారు క్రైస్తవ ఆస్పత్రికి సత్రం కట్టించాడంటే ఆ సేవ ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

కేథలిక్కుల వైపు యేసు మరియ యోసేపు సభకు చెందిన కన్యాస్త్రీలు 1904లో గుంటూరు వచ్చారు. వారి మధ్యకు 1920 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ మేరీ గ్లోరీ చేరారు. ఆమె మెల్‌బోర్న్‌లో పేరున్న వైద్యురాలు. 1915లో ఒక చిన్న పుస్తకం చదివి, వైద్యం అందక మరణిస్తున్న భారతదేశపు తల్లుల గురించి తెలుసుకున్నారు. ఆ పుస్తకం ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండు వైద్యురాలి గురించినది. ఇక్కడ మనం గమనించవలసిన మాట ఒకటుంది. మెక్‌లారెన్ ప్రెస్బిటేరియన్ కుటుంబంలో పుట్టి పెరిగి, అరవై ఏళ్లు దాటాక కేథలిక్కు అయ్యారు. ప్రొటెస్టెంటు ఇంట్లో మొదలైన భారం కేథలిక్ మఠం దాకా వెళ్లింది. బాధితుల మీద కనికరం సంఘాల గోడలను చూసి ఆగలేదు.

అప్పటి కేథలిక్ సంఘ చట్టం మఠంలో చేరినవారు వైద్యవృత్తి చేయడాన్ని అనుమతించేది కాదు. పోపు 15వ బెనెడిక్ట్ ప్రత్యేక అనుమతి ఇవ్వడం వల్ల గ్లోరీ కన్యాస్త్రీగా ఉంటూనే వైద్యం చేయగలిగారు. ఆ నిషేధాన్ని రోమ్ సాధారణంగా సడలించింది 1936లో. అంటే గుంటూరులోని ఆ సిస్టరు చేసిన పని తన సంఘానికే ఒక కొత్త దారి చూపింది. చిన్న మందుల గదిగా ఉన్నది సెయింట్ జోసెఫ్స్ ఆస్పత్రిగా ఎదిగింది. ఆమె తెలుగు నేర్చుకున్నారు, స్థానిక ఆడపిల్లలకు నర్సింగు, మందులిచ్చే పని నేర్పించారు. తానొక్కతే చేస్తే తనతోనే పోతుందని ఆమెకు తెలుసు. 1943లో దేశంలోని కేథలిక్ ఆస్పత్రులన్నిటినీ ఒక సంఘంగా కూర్చారు. దేశంలో ఒక కేథలిక్ వైద్య కళాశాల ఉండాలన్న ఆమె కోరిక 1963లో బెంగళూరు సెయింట్ జాన్స్ రూపంలో నెరవేరింది. అప్పటికి ఆమె లేరు. 1957 మే 5న క్యాన్సరుతో కన్నుమూశారు.

1920 నుంచి 1930 దాకా పదేళ్లు ఈ ఇద్దరు స్త్రీలు ఒకే ఊళ్లో రోగుల మధ్య ఉన్నారు. ఒకరు లూథరన్, మరొకరు కేథలిక్. ఆ కాలంలో రెండు సంఘాల మధ్య ఉన్న దూరం ఇప్పటికంటే చాలా ఎక్కువ. కానీ నొప్పులు పడుతున్న తల్లికి ఆ దూరం అడ్డుపడలేదు. ఏ గుమ్మం దగ్గరైతే ఆ గుమ్మంలోకి ఆమె వెళ్లింది. తరువాత 1999లో లూథరన్లు, కేథలిక్కులు నీతిమంతులుగా తీర్చబడుట అన్న సిద్ధాంతం మీద ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన చేశారు. వేదపండితులు ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి చాలాకాలం ముందే గుంటూరు రోగులు రెండు సంఘాల చేతి మందూ తాగారు.

మన ఆస్పత్రుల సంగతి

మనకు ఆస్పత్రులు లేకపోలేదు. ఆళ్లగడ్డకు పొరుగునే ఉన్న జమ్మలమడుగులో లండన్ మిషన్ వారు 19వ శతాబ్దం చివర మొదలుపెట్టిన క్యాంప్‌బెల్ ఆస్పత్రి ఒకప్పుడు కడప, కర్నూలు జిల్లాల పల్లెలకు పెద్దదిక్కు. వైద్యవిద్య పూర్తిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి కొంతకాలం వైద్యాధికారిగా పనిచేసింది అక్కడే. ఆయనే ముఖ్యమంత్రిగా ఆరోగ్యశ్రీని తెచ్చారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయాన్ని 1915లో పలు ప్రొటెస్టెంటు మిషన్లు కలిసి తెరిచాయి. ఏ ఒక్క మిషన్ వల్లా కాని పనిని కలిసి చేయవచ్చని మనవాళ్లు వందేళ్ల క్రితమే చూపించారు.

ఆ తరువాత ఏమైంది? స్వాతంత్ర్యం తరువాత మిషనరీలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వారితోపాటు విదేశీ సహాయమూ తగ్గింది. వైద్యం ఖరీదైంది. నిపుణుడైన వైద్యుడికి పట్నంలో వచ్చే జీతం మిషన్ ఆస్పత్రి ఇవ్వలేకపోయింది. కొత్త చట్టాలు, పరికరాలు, పథకాల నిబంధనలు చిన్న ఆస్పత్రులకు మోయలేని బరువయ్యాయి. ఇవన్నీ కేథలిక్ ఆస్పత్రులకూ వచ్చిన కష్టాలే. అయితే మనకు మరో రెండు తోడయ్యాయి. ఒకటి, ఆస్పత్రి స్థలాలు. మిషనరీలు ఊరి బయట కొన్న స్థలాలు ఇప్పుడు ఊరి నడిబొడ్డున కోట్ల విలువ చేస్తున్నాయి. రోగి కంటే స్థలం మీద చూపు నిలిచినచోట కమిటీలు కోర్టుల చుట్టూ తిరిగాయి. రెండోది, మనుషులు. మిషనరీల కట్టడాలు మనకు వారసత్వంగా వచ్చాయి గాని, ముప్ఫై నలభై ఏళ్లు ఒకే పల్లెలో ఉండిపోయే వారి సమర్పణ ఎంతమందికి వచ్చింది? మన బిడ్డ డాక్టరు కావాలని ఉపవాస ప్రార్థన చేస్తాం. ఆ బిడ్డ ఆళ్లగడ్డలో పనిచేయాలని ప్రార్థన చేసేవారు ఎంతమంది?

అభ్యంతరాలు

మరియమ్మ విషయంలో, పరిశుద్ధుల విషయంలో, పోపు అధికారం విషయంలో మనకూ కేథలిక్కులకూ ఉన్న భేదాలు చిన్నవి కావు. వాటిని దాచిపెట్టి స్నేహం నటించనక్కరలేదు. మంచి సమరయుడి ఉపమానంలో ప్రభువు కూడా యూదులకూ సమరయులకూ మధ్య భేదం లేదని చెప్పలేదు. ఆరాధన ఎక్కడ, ఎలా అన్న వాదన వారి మధ్య బలంగానే ఉండేది. అయినా ధర్మశాస్త్రోపదేశకుడి ఎదుట పొరుగువాడుగా ఆయన నిలబెట్టింది ఆ సమరయుణ్నే. సిద్ధాంతం సరిగా ఉన్న యాజకుడు, లేవీయుడు పక్కనుంచి వెళ్లిపోయారని కూడా ఆయనే చెప్పాడు.

ఇక బయటినుంచి వచ్చే అభ్యంతరం, క్రైస్తవ ఆస్పత్రులు మతం మార్చడానికేనన్నది. దీనికి మాటలతో కంటే లెక్కలతోనే జవాబు చెప్పడం మంచిది. 2020 మార్చిలో కోవిడ్ కమ్ముకొస్తున్నప్పుడు, దేశంలోని కేథలిక్, ప్రొటెస్టెంటు ఆస్పత్రుల సంఘాలు కలిసి సుమారు వెయ్యి ఆస్పత్రులను, 60 వేల పడకలను ప్రభుత్వానికి అందుబాటులో ఉంచుతామని ముందుకొచ్చాయి. ఆ పడకల మీద పడుకునేవాడి మతం ఏమిటని ఆ ప్రతిపాదనలో షరతు పెట్టలేదు. ఇందులో మనం చూడవలసింది మరొకటుంది. వేరువేరు బల్లల దగ్గర ప్రభురాత్రి భోజనం చేసేవారు రోగి మంచం దగ్గర కలిసి నిలబడ్డారు.

కేథలిక్ ఆస్పత్రులు లోపాలు లేనివని ఎవరూ అనరు. బిల్లు ఎక్కువైందని, సమాధానం సరిగా చెప్పలేదని అక్కడా ఫిర్యాదులు వినిపిస్తాయి. కన్యాస్త్రీలుగా చేరే యువతుల సంఖ్య కూడా ముందు రోజుల్లోలా లేదు. రేపు వారి ఆస్పత్రులూ జీతానికి పనిచేసే ఉద్యోగుల మీదే ఎక్కువగా ఆధారపడవలసి వస్తుంది. 2020లో విదేశీ విరాళాల చట్టానికి వచ్చిన సవరణలు పాలనా ఖర్చును 20 శాతానికి పరిమితం చేశాయి. ఒక సంస్థకు వచ్చిన విరాళాన్ని మరో సంస్థకు ఇవ్వడాన్ని నిషేధించాయి. 2021 క్రిస్మస్ నాడు మదర్ తెరెసా స్థాపించిన సంస్థకే అనుమతి పునరుద్ధరణ నిలిచిపోయి, 2022 జనవరిలో తిరిగి వచ్చింది. సముద్రం అవతలినుంచి వచ్చే డబ్బు మీద ఆధారపడి ఆస్పత్రి నడిపే కాలం ముగింపుకొస్తోందని అర్థం చేసుకోవడానికి ఇది చాలు.

మన చేతిలో ఉన్నది

ప్రభువు చెప్పిన ఉపమానంలో మనం తరచుగా మరచిపోయే మనిషి పూటకూళ్లవాడు. సమరయుడు గాయాలు కట్టాడు, తన వాహనం మీద ఎక్కించుకున్నాడు, ఆ రాత్రి పరామర్శించాడు. మర్నాడు రెండు దేనారములు ఇచ్చి ప్రయాణమైపోయాడు. ఆ తరువాత రోజుల తరబడి ఆ గాయపడినవాణ్ని చూసుకున్నది పూటకూళ్లవాడే. మనకు మిషనరీలు ఆ సమరయుడిలా వచ్చారు, రెండు దేనారములు మన చేతిలో పెట్టి వెళ్లారు. ఇప్పుడు ఇల్లు మనది, గాయపడినవాడు మన గదిలో ఉన్నాడు. ఆ బాధ్యతను ఈ ప్రాంతంలో ఎక్కడైనా కేథలిక్ కన్యాస్త్రీలు మోస్తుంటే, వారు మోస్తున్నది మన బరువు కూడా.

కాబట్టి నంద్యాల, ఆళ్లగడ్డ సంఘాలు చేయగలిగిన పనులు ఉన్నాయి. వీటికి ఏ విదేశీ విరాళమూ అక్కరలేదు.

మొదటిది, రోగుల నిధి. ప్రతి సంఘం నెలకొక ఆదివారం కానుకలో ఒక భాగాన్ని వైద్యానికి వేరుగా ఉంచాలి. ఆ డబ్బు రోగి చేతికి కాక నేరుగా ఆస్పత్రికి కట్టాలి. ఆ ఆస్పత్రి సిస్టర్లదైనా, మన మిషన్‌దైనా, ప్రభుత్వానిదైనా తేడా చూడకూడదు. లెక్క సంఘం ముందు చదవాలి.

రెండోది, రక్తం. కాన్పు సమయంలో రక్తస్రావమైన తల్లికి డబ్బు కంటే ముందు కావలసింది రక్తం. యువజన కూటాల్లో రక్తం గ్రూపుల జాబితా తయారు చేసి దగ్గరలోని ఆస్పత్రులకు ఇవ్వడానికి ఒక సాయంత్రం చాలు.

మూడోది, మనుషులు. వేలూరు సి.ఎం.సి. వంటి కళాశాలల్లో సంఘాల సిఫారసుతో చదివినవారు మిషన్ ఆస్పత్రుల్లో కొంతకాలం పనిచేయాలన్న నియమం ఉంది. మన సంఘాలు పిల్లలను అటువైపు సిద్ధం చేయాలి. నర్సింగు చదవాలనుకునే పేద అమ్మాయికి ఫీజు కట్టి, చదువు తరువాత రెండేళ్లు మన ప్రాంతంలోనే పనిచేయమని అడగాలి.

నాలుగోది, పలకరింపు. సిస్టర్ల ఆస్పత్రిలో మన సంఘస్థుడు పడుకుంటే కాపరి వెళ్లి ప్రార్థన చేసి వస్తాడు. పక్క మంచం మీదివాణ్ని కూడా పలకరించి, అతని సహాయకుడికి భోజనం అందే ఏర్పాటు చేస్తే ఎంత బాగుంటుంది! వెళ్లేముందు ఆ సిస్టర్లకు ఒక్క కృతజ్ఞతా వాక్యం చెప్పడానికి మన సిద్ధాంతం ఏదీ అడ్డురాదు.

అయిదోది కష్టమైనది. మన సంఘాల చేతిలో ఉన్న ఆస్పత్రి స్థలాలను, భవనాలను రోగుల కోసమే ఉంచాలని సంఘ సభ్యులు గట్టిగా అడగాలి. మనం నడపలేకపోతే నడపగలిగిన క్రైస్తవ సంస్థతో కలవాలి. అది కేథలిక్ సంస్థ అయినా సరే. ఆరోగ్యవరంలో మిషన్లు కలిసినప్పుడు ఎవరి విశ్వాసమూ తరిగిపోలేదు, క్షయరోగులు మాత్రం బతికారు.

సమరయుడు వెళ్లేటప్పుడు పూటకూళ్లవాడికి ఒక మాట ఇచ్చాడు. ఇంకా ఎక్కువ ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. ఆయన తప్పక తిరిగి వస్తాడని నమ్మేవారం మనం. వచ్చినప్పుడు ఆయన ముందుగా అడిగేది గాయపడినవాడు ఎలా ఉన్నాడని. ఆ రోజుకు మన దగ్గర చెప్పుకోదగిన లెక్క ఉండునట్లు, ఈ వారం దగ్గరలోని ఏదో ఒక ఆస్పత్రి మెట్లు ఎక్కుదాం. మంచం మీద ఉన్నవారిని, వారి పక్కన మేలుకుని ఉన్నవారిని దేవుడు ఆదరించును గాక. ఆమేన్.